బయటి ప్యాకేజీ కొత్త విడుదల మన టెస్టులను పడగొట్టినప్పుడు: సమగ్ర మార్గదర్శి

ప్రాజెక్టులో ఎవరూ ఒక్క పంక్తి కూడా మార్చకపోయినా నిన్నటి వరకు పాసైన టెస్టులు ఈరోజు ఫెయిలవుతున్నాయంటే, పైగా ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని పుల్ రిక్వెస్టులన్నీ (ప్రధాన కోడ్‌లో కలపమని కోరుతూ పంపే మార్పులు) ఒకే ఎర్రర్‌తో ఆగిపోతున్నాయంటే, కారణం మన కోడ్‌లో కాక మనం ఆధారపడిన ఏదో ప్యాకేజీ తాజా విడుదలలో ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇటువంటి వేళ చాలా బృందాలు చేసే పని ఒక్కటే: దొరికిన పాత వెర్షన్ సంఖ్యను, కావలసిన ప్యాకేజీల జాబితా అయిన రిక్వైర్‌మెంట్స్ ఫైలులో రాసి, టెస్టులు పాసై బిల్డ్ పచ్చగా మారగానే ఆ సంగతి మరిచిపోవడం. రెండేళ్ల తరువాత ఆ సంఖ్య అక్కడ ఎందుకుందో ఎవరికీ తెలియదు. దానిని తీసేసే ధైర్యమూ ఎవరికీ ఉండదు. వెర్షన్‌ను కట్టివేయడం తప్పు కాదు. అయితే కట్టివేసిన ప్రతి వెర్షన్‌కూ ఒక కారణం, ఒక హద్దు, ఒక విడుదల షరతు (ఏది జరిగితే ఆ కట్టును తీసేయవచ్చో చెప్పేది) ఉండాలని నా దృఢమైన అభిప్రాయం. ఈ మార్గదర్శి ఆ మూడింటినీ ఎలా సాధించాలో పైథాన్ ఉదాహరణలతో వివరిస్తుంది; జావాస్క్రిప్ట్ ప్యాకేజీల ఎన్‌పీఎం వంటి ఇతర వ్యవస్థలకూ ఇదే క్రమం వర్తిస్తుంది.

ముందు ఒక నిజమైన ఉదంతం

2022 ఫిబ్రవరిలో మార్కప్‌సేఫ్ అనే చిన్న పైథాన్ లైబ్రరీ 2.1.0 వెర్షన్ విడుదలైంది. అందులో సాఫ్ట్_యూనికోడ్ అనే ఫంక్షన్‌ను తొలగించారు. జింజా2 టెంప్లేట్ లైబ్రరీ పాత 2.x వెర్షన్లు ఆ ఫంక్షన్‌ను నేరుగా ఇంపోర్ట్ చేసుకునేవి; పైగా తమకు మార్కప్‌సేఫ్ కనీసం ఏ వెర్షన్ కావాలో మాత్రమే చెప్పి, గరిష్ఠ హద్దు ఏదీ పెట్టలేదు. ఫలితంగా జింజా2ను పాత వెర్షన్ దగ్గర జాగ్రత్తగా కట్టివేసుకున్న ప్రాజెక్టులలో సైతం, దాని కింద ఉన్న మార్కప్‌సేఫ్ మాత్రం కొత్తది ఇన్‌స్టాల్ అయి, ప్రోగ్రామ్ మొదలవగానే ఇంపోర్ట్ ఎర్రర్ వచ్చి ఆగిపోయింది.

ఈ ఉదంతంలో గమనించవలసినవి చాలా ఉన్నాయి. దెబ్బతిన్న ప్రాజెక్టులలో అత్యధికం మార్కప్‌సేఫ్ పేరును తమ ఫైలులో ఎక్కడా రాయలేదు. అది డిపెండెన్సీకి (మన కోడ్ ఆధారపడే ప్యాకేజీకి) డిపెండెన్సీ. ట్రేస్‌బ్యాక్‌లో (ఎర్రర్ ఏ ఫైళ్ల గుండా వచ్చిందో చూపే జాబితాలో) కనిపించిన ఫైళ్లు జింజా2వి కాబట్టి చాలామంది మొదట అక్కడే వెతికారు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ ఫంక్షన్ త్వరలో పోతుందని 2021 మేలో వచ్చిన 2.0 వెర్షన్ నుంచే హెచ్చరిక వస్తూ ఉంది. అంటే తొలగింపుకు ముందు సుమారు తొమ్మిది నెలల పాటు ఆ హెచ్చరిక టెస్టుల లాగ్‌లలో కనబడే వీలుంది. మెయింటెయినర్లు (ప్యాకేజీని నిర్వహించేవారు) నియమం తప్పలేదు. నియమబద్ధంగా జరిగిన మార్పు కూడా మన బిల్డ్‌ను ఆపగలదు.

లోపం నిజంగా బయటిదేనా అని తేల్చుకోవడం

మొదట చేయవలసింది, చివరిసారి పాసైన కమిట్‌ను (కోడ్‌లో నమోదైన మార్పును) ఏ మార్పూ లేకుండా ఇప్పుడు సీఐలో (ప్రతి మార్పుకూ టెస్టులను తానే నడిపే సర్వర్‌లో) మళ్లీ నడపడం. అది కూడా అదే ఎర్రర్‌తో ఫెయిలైతే మన కోడ్‌లోని కొత్త మార్పు కారణం కాదని నిర్ధారణ అవుతుంది. పాసైతే ఆ తరువాత వచ్చిన కమిట్లలో వెతకాలి, అందుకు, తప్పు తెచ్చిన కమిట్‌ను వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ ఉంది. ఈ పరీక్షను మీ సొంత కంప్యూటర్‌లో చేసి తృప్తి పడకండి. ఎప్పుడో సృష్టించిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఒక ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే చోట) పాత వెర్షన్లే ఉంటాయి కాబట్టి అక్కడ టెస్టులు నిక్షేపంగా పాసవుతాయి. సీఐ మాత్రం ప్రతిసారీ అన్నిటినీ కొత్తగా తెచ్చుకుంటుంది. లోకల్‌గా పునరావృతం చేయదలచుకుంటే ఖాళీ ఎన్విరాన్‌మెంట్ సృష్టించి, సీఐ వాడే పైథాన్ వెర్షన్‌తోనే, అదే ఇన్‌స్టాల్ ఆదేశంతో మొదలుపెట్టండి.

పాత కమిట్ ఫెయిలైనంత మాత్రాన ప్యాకేజీయే దోషి అని కూడా అనుకోరాదు. సీఐ సంస్థ తన రన్నర్ ఇమేజ్‌ను (టెస్టులు నడిచే యంత్రపు నమూనాను) మార్చి ఉండవచ్చు. ఉబుంటు-లేటెస్ట్ వంటి పేరు ఈ నెల ఒక వెర్షన్‌ను, వచ్చే నెల మరొక వెర్షన్‌ను సూచించవచ్చు. నేటి తేదీపై ఆధారపడిన టెస్టు నెల మారగానే పడిపోవచ్చు. డౌన్‌లోడ్ మధ్యలో నెట్‌వర్క్ తెగి ఉండవచ్చు. లాగ్ పైభాగంలో ఉండే ఇమేజ్ వెర్షన్‌ను, పైథాన్ సూక్ష్మ వెర్షన్‌ను పాత లాగ్‌తో పోల్చి చూస్తే వీటిలో చాలావరకు కొద్ది నిమిషాల్లో తేలిపోతాయి.

ఏ ప్యాకేజీ మారిందో కనిపెట్టడం

ఇక్కడ పని సులువవుతుందా కష్టమవుతుందా అన్నది మీరు ముందే చేసుకున్న ఒక చిన్న ఏర్పాటుపై ఆధారపడి ఉంటుంది: ప్రతి టెస్టు జాబ్‌లోనూ ఇన్‌స్టాల్ పూర్తవగానే పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌లోని ఫ్రీజ్ ఆదేశం ఫలితాన్ని, అంటే ఇన్‌స్టాలైన వెర్షన్ల జాబితాను, లాగ్‌లోకి ముద్రించడం. అది ఉంటే, చివరి పాస్ లాగ్‌లోని జాబితానూ మొదటి ఫెయిల్ లాగ్‌లోని జాబితానూ రెండు ఫైళ్లుగా దాచి తేడా చూస్తే సరిపోతుంది. సాధారణంగా మూడు నాలుగు పేర్లకు మించి మిగలవు. ఇప్పటి వరకు ఈ ఏర్పాటు లేకపోతే, ఈ వ్యాసం చదవడం ఆపి ముందు ఆ పంక్తిని చేర్చి రమ్మని కోరుతున్నాను.

ఫ్రీజ్ జాబితా లేనప్పుడు, పిప్ తన పని చివర్లో ఇన్‌స్టాల్ చేసిన వెర్షన్లన్నిటినీ ఒకే వరుసలో రాస్తుంది కాబట్టి పాత లాగ్‌లో ఆ వరుసను వెతకవచ్చు. పాత లాగ్‌లు కూడా తొలగిపోయి ఉంటే, యూవీ అనే ఇన్‌స్టాలర్‌లోని ఎక్స్‌క్లూడ్-న్యూయర్ ఐచ్ఛికాన్ని వాడి, ఫలానా తేదీ తరువాత విడుదలైన వాటిని లెక్కలోకి తీసుకోకుండా నిన్నటి పరిస్థితిని తిరిగి నిర్మించవచ్చు. ఎన్‌పీఎంలో బిఫోర్ అనే ఐచ్ఛికం ఇదే పని చేస్తుంది. తేదీని ముందుకూ వెనక్కూ జరుపుతూ పోతే ఏ పూట విడుదలైన ప్యాకేజీ దెబ్బ తీసిందో బయటపడుతుంది. పైథాన్ ప్యాకేజీల భాండాగారమైన పైపీఐలోని అప్‌లోడ్ సమయాలూ చాలా సీఐ లాగ్‌లూ యూటీసీలో ఉంటాయి కాబట్టి, భారతదేశంలో కూర్చుని పోల్చేవారు ఐదున్నర గంటలు కలిపి చూసుకోవాలి. అమెరికాలో పగటిపూట విడుదలైన ప్యాకేజీ మనకు రాత్రి వేళ వస్తుంది. అందుకే మెయింటెయినర్లు నిద్రలో ఉండగానే దాని ప్రభావాన్ని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉదయం పనిలోకి వచ్చినవారు మొదట చూడడం తరచుగా జరుగుతుంది.

అనుమానితులు తేలిన తరువాత, ఫెయిలవుతున్న ఎన్విరాన్‌మెంట్‌లో వాటిని ఒక్కొక్కటిగా పాత వెర్షన్‌కు దించి టెస్టు నడపండి. అన్నిటినీ ఒకేసారి దించితే బిల్డ్ పాసవుతుంది కానీ దోషి ఎవరో తెలియదు.

ఈ పద్ధతికి చిక్కని ఒక రకం ఉంది. ప్యాకేజీలను బిల్డ్ చేసే సాధనం సెటప్‌టూల్స్ 58.0.0 వెర్షన్ 2021 సెప్టెంబరులో వచ్చినప్పుడు, పైథాన్ 2 కోడ్‌ను 3కు మార్చే పాత సదుపాయాన్ని అందులోంచి తీసేశారు. దానిని ఇంకా వాడుతున్న ప్యాకేజీలు ఇన్‌స్టాల్ దశలోనే ఆగిపోయాయి. పిప్ ఇటువంటి ప్యాకేజీలను బిల్డ్ చేసేటప్పుడు వేరుగా ఒక తాత్కాలిక ఎన్విరాన్‌మెంట్‌ను సృష్టించుకుని, అందులోకి తాజా సెటప్‌టూల్స్‌ను తెచ్చుకోవచ్చు. అక్కడి వెర్షన్ మీ ఫ్రీజ్ జాబితాలో కనబడదు. మీ రిక్వైర్‌మెంట్స్ ఫైలులో సెటప్‌టూల్స్‌ను కట్టివేసినా అది అక్కడికి చేరదు. ఎర్రర్ టెస్టుల దశలో కాక వీల్ (ఇన్‌స్టాల్‌కు సిద్ధమైన ప్యాకేజీ ఫైలు) తయారయ్యే దశలో వస్తే, ముందుగా ఈ బిల్డ్ సాధనాలనే అనుమానించండి.

ఇది ఏ జాతి వైఫల్యమో గుర్తించడం

మందు మారేది ఇక్కడే కాబట్టి ఈ దశను దాటవేయవద్దు. మొదటిది, విడుదలలో పొరపాటు. టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్ 8.1.0 వెర్షన్ 2024 మార్చిలో వచ్చింది. తగిన ముందస్తు హెచ్చరిక కాలం అందకుండానే కొన్ని ప్లగిన్లు దానివల్ల దెబ్బతిన్నందున దానిని యాంక్ చేసి (తొలగించకుండానే వాడుక నుంచి ఉపసంహరించి) 8.1.1 ఇచ్చారు. ఇలాంటప్పుడు ఆ ఒక్క వెర్షన్‌ను తప్పించుకుంటే చాలు. రెండవది, పైన చెప్పిన మార్కప్‌సేఫ్ వంటి ఉద్దేశపూర్వకమైన తొలగింపు. 2022 అక్టోబరులో ఇంపోర్ట్‌లిబ్-మెటాడేటా 5.0 పాత ఎంట్రీ పాయింట్ల పద్ధతిని తీసేసినప్పుడు, పైథాన్ 3.7పై కోడ్ తనిఖీ సాధనమైన ఫ్లేక్8 పాత వెర్షన్లను వాడుతున్నవారికి ఇదే ఎదురైంది. ఇందులో ఎదురుచూస్తే వచ్చేదేమీ లేదు. పాత ఫంక్షన్ తిరిగి రాదు, మారవలసింది మన వైపే.

మూడవది బైనరీ అననుకూలత. 2024 జూన్ 16న సంఖ్యా గణనల లైబ్రరీ నమ్‌పై 2.0.0 విడుదలైనప్పుడు, నమ్‌పై 1.x కోసం కంపైలైన సీ మాడ్యూళ్లు దానితో కలిసి పనిచేయలేకపోయాయి; నమ్‌పై డీటైప్ పరిమాణం మారిందన్న ఎర్రర్ దానికి గుర్తు. పైథాన్ కోడ్‌లో ఎంత వెతికినా దీనికి పరిష్కారం దొరకదు, ఆ మాడ్యూల్ కొత్తగా కంపైలై వచ్చేదాకా నమ్‌పైని 2 కంటే కింద ఉంచడమే దారి.

నాలుగవ రకం రెండు ప్యాకేజీల మధ్య పొసగకపోవడం. 2024 మేలో రిక్వెస్ట్స్ 2.32.0 వచ్చాక డాకర్ పైథాన్ లైబ్రరీ తన ప్రత్యేక యూఆర్ఎల్ పద్ధతి చెల్లడం లేదని ఫెయిలైంది. డాకర్ లైబ్రరీ 7.1.0లో దీనిని సరిచేశారు కాబట్టి, అది కొద్ది రోజులకే విడుదలైందని గమనించినవారికి రిక్వెస్ట్స్‌ను వెనక్కి దించవలసిన అవసరమే లేకపోయింది. దించడానికి ముందు అవతలి ప్యాకేజీలో కొత్త విడుదల ఉందేమో చూడడం ఎప్పుడూ మంచిది.

చివరి రకం ప్రమాదకరమైనది. 2022 జనవరిలో ఎన్‌పీఎంలోని కలర్స్ ప్యాకేజీలోకి దాని మెయింటెయినరే కావాలని అంతులేని లూప్‌ను చేర్చారు. 2025 సెప్టెంబరులో చాక్, డీబగ్ వంటి అత్యంత ప్రాచుర్యమున్న ప్యాకేజీల మెయింటెయినర్ ఖాతాను మోసంతో చేజిక్కించుకుని, క్రిప్టో వాలెట్లను దోచే కోడ్‌తో వెర్షన్లు విడుదల చేశారు. కొత్త విడుదలలో సంబంధం లేని నెట్‌వర్క్ పిలుపులు గానీ, అర్థం కాని గజిబిజి కోడ్ గానీ కనిపిస్తే, అది టెస్టింగ్ సమస్య కాదు, భద్రతా సంఘటన. ఆ వెర్షన్‌ను నడిపిన సీఐ జాబ్‌లలో ఉన్న టోకెన్లన్నిటినీ (ప్రవేశానికి వాడే రహస్య సంకేతాలను) వెంటనే మార్చి, ఆ తరువాతే బిల్డ్ సంగతి చూడాలి.

హద్దు గీయడం: ఎంత సన్నగా వీలైతే అంత సన్నగా

పొరపాటు విడుదల అయితే "పైటెస్ట్ != 8.1.0" అన్నట్టుగా ఆ ఒక్క వెర్షన్‌నే మినహాయించండి, 8.1.1 రాగానే దానంతట అదే లోపలికి వస్తుంది. ఉద్దేశపూర్వకమైన తొలగింపు అయితే "మార్కప్‌సేఫ్ < 2.1" అన్నట్టు పై హద్దు పెట్టండి. "== 2.0.1" అని ఒకే వెర్షన్‌కు బిగించడం చివరి ప్రత్యామ్నాయం, ఎందుకంటే ఆ వరుసలోనే రాగల భద్రతా సవరణలను కూడా అది అడ్డుకుంటుంది.

ఈ హద్దును ఎక్కడ రాయాలన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. మీది సర్వర్‌పై నడిచే అప్లికేషన్ అయితే లాక్ ఫైలులోనో (కచ్చితమైన వెర్షన్లన్నీ నమోదైన జాబితా) రిక్వైర్‌మెంట్స్ ఫైలులోనో రాయడంలో చిక్కు లేదు. మీది ఇతరులు వాడుకునే లైబ్రరీ అయితే, మీరు ప్రచురించే మెటాడేటాలో (ప్యాకేజీతో పాటు వెళ్లే వివరాల్లో) పై హద్దు పెట్టడం మీ వాడుకరులకు ఇబ్బంది తెస్తుంది: మీ హద్దూ మరో లైబ్రరీ కనీస అవసరమూ ఢీకొంటే ఇన్‌స్టాల్ సాధ్యమే కాదు. అంతకంటే సూక్ష్మమైన సమస్య మరొకటి ఉంది. మీ తాజా విడుదలలో హద్దు ఉండి, పాత విడుదలల్లో లేకపోతే, వెర్షన్లను పొసగించే క్రమంలో పిప్ వెనక్కి వెళ్లి మీ పాత విడుదలనే ఎంచుకోవచ్చు. అప్పుడు మీరు కాపాడదలచుకున్న వాడుకరికే పాత లైబ్రరీ, కొత్త డిపెండెన్సీ కలిసి చేరతాయి. కాబట్టి లైబ్రరీలలో మెటాడేటాను నిజంగా అవసరమైతేనే తాకి, టెస్టుల కోసం విడిగా కన్‌స్ట్రెయింట్స్ ఫైలు ఉంచుకోండి.

కన్‌స్ట్రెయింట్స్ ఫైలుకూ రిక్వైర్‌మెంట్స్ ఫైలుకూ తేడా ఇది: మొదటిది దేనినీ ఇన్‌స్టాల్ చేయదు, ఎవరైనా ఆ ప్యాకేజీని కోరితే ఏ వెర్షన్ అనుమతించాలో మాత్రమే చెబుతుంది. అందువల్ల మీరు పేరైనా రాయని మార్కప్‌సేఫ్ వంటి లోతైన డిపెండెన్సీని నియంత్రించడానికి ఇదే సరైన చోటు. ఎన్‌పీఎంలో ఓవర్‌రైడ్స్, యార్న్‌లో రిజల్యూషన్స్ ఈ అవసరాన్నే తీరుస్తాయి. బిల్డ్ దశలోని సెటప్‌టూల్స్‌ను కట్టివేయాలంటే పిప్ కొత్త వెర్షన్లలో ఉన్న బిల్డ్-కన్‌స్ట్రెయింట్ ఐచ్ఛికాన్ని వాడాలి. పాత వెర్షన్లలో పిప్_కన్‌స్ట్రెయింట్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఆ పని చేసేది.

హద్దు పంక్తికి పైన కామెంట్ తప్పనిసరి. అందులో ఏమి ఫెయిలైందో ఒక వాక్యం, అప్‌స్ట్రీమ్ (ఆ ప్యాకేజీని తయారుచేసేవారి) ఇష్యూ లింకు, ఏది జరిగితే ఈ పంక్తిని తొలగించవచ్చో మరొక వాక్యం ఉండాలి. "తాత్కాలికంగా" అన్న ఒక్క మాట చాలదు. "జింజా2ను 3.0కు మార్చిన వెంటనే తీసేయాలి" అంటే, కొత్తగా చేరిన సభ్యుడు కూడా ఆ పని చేయగలడు.

వెర్షన్‌ను అసలు దించలేని సందర్భమూ ఉంటుంది. ఉదాహరణకు ఆ విడుదలలోనే అవసరమైన భద్రతా సవరణ ఉండవచ్చు. అప్పుడు ఫెయిలవుతున్న టెస్టులను తొలగించకుండా, పైటెస్ట్‌లోని ఎక్స్‌ఫెయిల్ గుర్తును (ఈ టెస్టు ఫెయిలవుతుందని ముందే చెప్పేది) స్ట్రిక్ట్ ఐచ్ఛికంతో, కారణంతో సహా పెట్టండి. అప్‌స్ట్రీమ్‌లో లోపం సరి కాగానే ఆ టెస్టు అనూహ్యంగా పాసవుతుంది, స్ట్రిక్ట్ కాబట్టి దానినే ఫెయిల్‌గా చూపుతుంది, మీకు కబురు అందుతుంది. స్కిప్ గుర్తు పెడితే ఆ కబురు ఎన్నటికీ రాదు.

అప్‌స్ట్రీమ్‌కు తెలియజేయడం

ముందు వారి ఇష్యూల జాబితాను, మూసివేసిన వాటితో సహా, వెతకండి. చాలాసార్లు ఎవరో ఒకరు అప్పటికే రాసి ఉంటారు. "నాకూ ఇదే" అన్న వ్యాఖ్యను చేర్చడం ఎవరికీ ఉపయోగపడదు. కొత్త సమాచారం ఉంటేనే రాయండి. ఇష్యూ లేకపోతే, పనిచేసిన చివరి వెర్షన్, ఫెయిలైన మొదటి వెర్షన్, పైథాన్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, పూర్తి ట్రేస్‌బ్యాక్‌లతో పాటు, మీ ప్రాజెక్టుతో సంబంధం లేకుండా ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో లోపాన్ని చూపే అతి చిన్న కోడ్‌ను ఇవ్వండి. ఆ చిన్న కోడ్ తయారు చేసే క్రమంలోనే, తప్పు వారిది కాదనీ మనం అంతర్గత ఫంక్షన్‌ను వాడుకున్నామనీ తేలడం అరుదు కాదు.

ఆ మెయింటెయినర్లలో ఎక్కువమంది తమ సొంత సమయంలో, జీతం లేకుండా ఈ పని చేస్తున్నవారు. మా ప్రొడక్షన్ ఆగిపోయింది, వెంటనే సరిచేయండి అని రాయడం అన్యాయం. వీలైతే సవరణనే పంపండి.

పొరపాటు తీవ్రమైనదైతే పైపీఐలో ఆ వెర్షన్‌ను యాంక్ చేయవచ్చునా అని మర్యాదగా అడగవచ్చు. యాంక్ చేసిన వెర్షన్‌ను పిప్ సాధారణంగా ఎంచుకోదు, కానీ సరిగ్గా అదే వెర్షన్‌ను "==" గుర్తుతో కోరినవారికి హెచ్చరికతో ఇస్తుంది; తొలగింపులా ఎవరి బిల్డ్‌నూ అది ఆపదు. పూర్తిగా తొలగిస్తే ఏమవుతుందో 2016 మార్చి 22న లెఫ్ట్-ప్యాడ్ చూపింది: పదకొండు పంక్తుల ఆ ప్యాకేజీ ఎన్‌పీఎం నుంచి మాయమవడంతో బాబెల్ వంటి సాధనాల ఇన్‌స్టాల్‌లు ప్రపంచమంతటా ఆగిపోయాయి. ఆ తరువాత ఎన్‌పీఎం తొలగింపు నియమాలను కఠినం చేసింది.

రెండు దారులు ఏర్పరచుకోవడం

ఇప్పటి వరకు చెప్పింది నష్టం జరిగాక చేయవలసిన పని. అది మన సహోద్యోగుల పుల్ రిక్వెస్టులను ఆపకుండా ఉండాలంటే సీఐలో రెండు వేర్వేరు దారులు కావాలి. మొదటి దారిలో, లోతైన డిపెండెన్సీలతో సహా అన్ని వెర్షన్లూ, వీలైతే హ్యాష్‌లూ (ఫైలు మారలేదని సరిచూసే సంకేతాలు) లాక్ ఫైలులో నమోదై ఉంటాయి. పుల్ రిక్వెస్టులను అంగీకరించాలా వద్దా అన్నది ఈ దారి మాత్రమే తేల్చాలి. లాక్ ఫైలు తయారీకి పిప్-కంపైల్, యూవీ, పొయెట్రీ ఏది వాడినా ఫరవాలేదు. ఎన్‌పీఎం వాడేవారు సీఐలో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్‌కు బదులు ఎన్‌పీఎం సీఐ ఆదేశాన్నే వాడాలి. అది లాక్ ఫైలును మార్చదు, పొసగకపోతే ఆగిపోతుంది.

రెండవ దారి రోజూ రాత్రి ఒకసారి, లాక్ ఫైలు లేకుండా, తాజా వెర్షన్లతో నడుస్తుంది. ఇది ఫెయిలైనా ఎవరి పనీ ఆగదు, కానీ ఒక నిర్ణీత వ్యక్తికి కబురు వెళ్లాలి. అందరికీ వెళ్లే కబురును ఎవరూ పట్టించుకోరు. త్వరలో తొలగిస్తామని చెప్పే డిప్రికేషన్ హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చే ఫిల్టర్‌ను ఈ దారిలోనే పెట్టండి. అలా పెట్టుకున్న ప్రాజెక్టుకు సాఫ్ట్_యూనికోడ్ సంగతి 2021లోనే తెలిసి ఉండేది.

మొదటి దారి మాత్రమే ఉంటే ప్రాజెక్టు పాతబడిపోతుంది, ఏడాది తరువాత ఒకేసారి యాభై ప్యాకేజీలు మార్చవలసి వస్తుంది. రెండవది మాత్రమే ఉంటే ప్రతి ఉదయం అనిశ్చితే. ఓపెన్‌స్టాక్ వంటి పెద్ద ప్రాజెక్టు ఈ రెండింటినీ కలిపే పద్ధతిని ఎంచుకుంది: అన్ని ఉప ప్రాజెక్టులకూ కలిపి అప్పర్-కన్‌స్ట్రెయింట్స్ అనే ఒకే ఫైలు ఉంటుంది, కొత్త వెర్షన్లను బాట్ మార్పులుగా ప్రతిపాదిస్తుంది, ఆ మార్పు టెస్టులు దాటితేనే ఫైలులో చేరుతుంది. చిన్న బృందాలకు రెనొవేట్, డిపెండబాట్ ఇదే పని చేసిపెడతాయి. వాటిలో, విడుదలై కొన్ని రోజులు గడిచిన వెర్షన్లనే ప్రతిపాదించే అమరికను తప్పక వాడుకోండి. పొరపాటు విడుదలలూ దురుద్దేశపు విడుదలలూ ఎక్కువగా మొదటి రోజుల్లోనే బయటపడతాయి. భద్రతా సవరణలకు మాత్రం ఆ నిరీక్షణ నుంచి మినహాయింపు ఇవ్వాలి.

హద్దును తీసేయడం

అప్‌స్ట్రీమ్ సవరణ వచ్చిన తరువాత, హద్దు పంక్తిని తీసేసే మార్పును విడి కమిట్‌గా, మరే ఇతర మార్పూ కలపకుండా పంపండి. తిరిగి ఫెయిలైతే దానిని ఒక్కదానినే వెనక్కి తీసుకోవచ్చు. లాక్ ఫైలును ఆ ఒక్క ప్యాకేజీ వరకే నవీకరించండి, ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో పూర్తి టెస్టులు నడపండి, ఆ కారణంగా పెట్టిన ఎక్స్‌ఫెయిల్ గుర్తులు ఇంకా ఎక్కడైనా మిగిలాయేమో ఇష్యూ సంఖ్యతో వెతకండి. మూడు నెలలకొకసారి కన్‌స్ట్రెయింట్స్ ఫైలులోని పంక్తులన్నిటినీ వరుసగా చదివి, విడుదల షరతు నెరవేరినవాటిని తొలగించండి. షరతు రాయని పంక్తి కనబడితే, దానిని తీసి రెండవ దారిలో నడిపి చూసి, ఫెయిలైతే కారణంతో సహా తిరిగి రాయండి.